బుట్ట కింది రివర్బ్

నా మౌత్ ఆర్గాన్‌ను పెదవులకు ఆనించుకుని ప్రమాణం చేస్తున్నాను: కింద రాసిన ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే దాని రీడ్లన్నీ ఒక్కసారే తుప్పు పట్టుగాక. ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే, కాలితో తొక్కే డబ్బా ఒకటి మా అక్క కూతురి పెళ్ళిని ఆపేయబోయిందంటే మీరు నమ్మరు. ఆ డబ్బాను ఏరి కోరి తెచ్చి, పైన పూలు కప్పి మరీ పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

ఇదంతా భద్రాచలం అవతల గోదావరి మీద మొదలైంది. కొండల మధ్య లాంచీలో కూర్చుని వాయిస్తుంటే నా పాట ఎదుటి కొండకు తగిలి, బరువెక్కి, నిండుగా తిరిగొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నా వాయింపు నాకే నచ్చింది అప్పుడే. లాంచీ దిగాక మళ్ళీ మామూలే, జలుబు చేసిన దోమ మూలిగినట్టు. ఎలాగైనా ఆ కొండను కొనాలనుకున్నాను. ఖమ్మంలో కొండలు అమ్మరు కనుక మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఖాజా భాయ్ దుకాణానికి వెళ్ళాను.

"కొండ కాడ్నించి తిరిగొచ్చినట్టు సౌండ్ కావాలె భాయ్. గుండ్రంగ సుడి తిరిగినట్టు ఇంకోటి గూడ."

"మొదటిది రివర్బ్. రెండోది రోటరీ స్పీకర్. అసలు రోటరీ అంటే బీరువంత పెట్టె అన్నా, లోపల మోటారు పెట్టి స్పీకర్ మూతినే తిప్పుతరు. మొయ్యనీకె నలుగురు కావాలె."

"మోసెటోళ్ళు ఉన్నరు. కొనెటోడే లేడు."

మోటారు అనగానే నాకు మా ఇంటి కూలర్ మెదిలింది. రెక్కలు పీకి, మోటారుకు చిన్న స్పీకర్ కట్టి తిప్పాను. నిజం చెప్పొద్దూ, కాసేపు అద్భుతంగా పాడింది. ఆపైన వైరును మెడకు చుట్టుకుని, కిటికీలోంచి ఎగిరి, పక్కింటివాళ్ళు ఆరబోసిన మిరపకాయల్లో పడి తుమ్మింది. మళ్ళీ ఖాజా భాయ్ దగ్గరికే వెళ్ళాను.

ఈసారి ఆయన ఒకే ఒక్క తిప్పుడు గుండీ ఉన్న చిన్న రివర్బ్ డబ్బా తీశాడు. "ఇది తీస్కో. గిటారోళ్ళ లెక్క గాదు నీది. మైకు నోటి కాడ్నే పట్టుకుంటవ్, రివర్బ్ జర ఎక్కువైతే స్పీకర్ కూత పెడ్తది. చారుల ఇంగువ ఎంతేస్తరో గంతే."

నా చూపు మాత్రం పక్కనున్న పెద్ద డబ్బా మీద ఉంది. నిండా గుండీలు, పైన ఎర్రదీపాల వరస. "గదేంది భాయ్?"

"గది వాడేసింది, చవుకనే. రివర్బ్, రోటరీ రెండూ ఉన్నయ్. కాని గీ చివరి మీట చూసినవా, హోల్డ్. తొక్కి పట్టినంతసేపు, అప్పుడు దొరికిన సౌండ్‌నే మళ్ళ మళ్ళ వదుల్తది. నీకు పనికి రాదు, చవుక అని తీస్కపోయి గోసపడకు."

తెలివిగలవాడైతే ఇక్కడ చిన్న డబ్బా కొంటాడు. నేను దీపాలు లెక్కపెట్టి పెద్దది కొన్నాను.

పెళ్ళి వైరాలో, ఫంక్షన్ హాల్లో, పొద్దుటి ముహూర్తం. మా స్రవంతిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మేనమామను నేనే. తెచ్చి దింపాక, పెళ్ళయ్యే క్షణంలో తన వెనకే నిలబడి వాయించాలని పిల్ల కోరిక. అందుకని డబ్బాను తెర వెనక, బుట్ట దించే చోటికి కాస్త ఎడంగా పెట్టాను. "వైర్లు ఫోటోలల్ల పడ్తయ్ మామా" అని పిల్ల అంటే మల్లెదండలు కప్పాను.

అంతలో మైక్‌సెట్ వాళ్ళ యాంప్లిఫయర్ పొగలు కక్కి కన్ను మూసింది. పెళ్ళిపనుల్లో చెమటలు కక్కుతున్న మా బావ పరుగున వచ్చాడు. "నీ డబ్బా, నీ యాంప్లిఫయర్ ఉన్నయ్ గద. పంతులు గారి మైకు దాన్లనే పెట్టు, జల్దీ." పెట్టాను. తీరా చూస్తే రోటరీ గుండీ ఇరుక్కుపోయింది. మంత్రాలు హాలంతా గిరికీలు కొట్టడం మొదలుపెట్టాయి.

ముందు వరుసలో పెళ్ళికొడుకు నాయనమ్మ సుందరమ్మగారు కూర్చున్నారు. వాళ్ళది సత్తుపల్లి. ముహూర్తం పెట్టించింది ఆమే. "ఏంటండీ ఇది, పంతులుగారు తిరగలి మీద కూర్చుని చదువుతున్నారా?" అని అందరికీ వినబడేలా అడిగి, మా అక్క వైపు తిరిగి గొంతు తగ్గించారు. "చూడమ్మా, మావాడి జాతకానికి ఈ ఘడియ తప్పితే ఏడాది దాకా ఇంకోటి లేదు. ముహూర్తానికి రవ్వంత ముందు జీలకర్ర బెల్లం పిల్ల తలమీద పడిందా, మావాణ్ణి పీటల మీంచి లేపి తీసుకెళ్ళిపోతాను. తర్వాత నన్ననొద్దు."

మా అక్క ముఖం సున్నం కొట్టిన గోడైంది. "తమ్మీ, గా డబ్బా బంద్ చెయ్."

"బంద్ చేస్తే మైకు గూడ పోతదక్కా."

"అయితే దాన్ని ముట్టకు. నీ కాళ్ళు మొక్కుత."

ముట్టకూడదనే అనుకున్నాను. కానీ ఒక పక్క మా పెద్దన్న, ఇంకో పక్క నేను బుట్ట పట్టుకుని బయల్దేరితే, వెనక్కి నడవాల్సిన వంతు నాకొచ్చింది.

"మామా, మెల్లగ. పడేస్తే అత్తగారింటికి గాదు, దవాఖానాకు పోవాలె" అంటోంది స్రవంతి, చేతిలో కొబ్బరిబోండాం పట్టుకుని. మెల్లగానే దించాను. దించుతూ నా మడమతో మల్లెదండల్ని కాస్త వెనక్కి నెట్టాననుకున్నాను. నిజానికి కింది డబ్బాతో సహా బుట్ట కిందికి లాగాను.

సరిగ్గా ఆ క్షణాన పంతులుగారు మేళగాళ్ళకు మైకులో జాగ్రత్తలు చెబుతున్నారు. "ఇంకా టైమున్నది. నేను గట్టిమేళం..."

బుట్ట దిగింది. హోల్డ్ మీట మీద, పట్టుచీర, నగలు, కొబ్బరిబోండాంతో సహా.

"గట్టిమేళం... గట్టిమేళం... గట్టిమేళం..."

డబ్బా తన జన్మలో మొదటిసారి సరిగ్గా పనిచేసింది. అచ్చం గోదావరి కొండే. నాలుగు గోడలూ గట్టిమేళం అంటున్నాయి. పంతులుగారు "కాదు, ఆపండి" అని నోరు తెరవడం కనబడుతోంది గాని వినబడటం లేదు. డోలు మోగింది, సన్నాయి లేచింది. పొద్దుట్నుంచీ పెళ్ళికొడుక్కి ఇంటిల్లిపాదీ నూరిపోసిన మాట ఒకటే: మేళం మోగగానే చెయ్యి పెట్టు. తెర పైనుంచి తమలపాకు మీద జీలకర్ర బెల్లంతో చెయ్యి లేచింది.

నేను బుట్ట పట్టి లాగాను. కదల్లేదు. "లెవ్వే స్రవంతీ."

"ముహూర్తం గాకుండ లెవ్వొద్దన్నరు మామా."

"నీ కిందనే ఉన్నదే డబ్బా."

"ఏం వినొస్తలేదు మామా."

చెయ్యి దిగుతోంది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. సుందరమ్మగారు కుర్చీ అంచుకు వచ్చారు. ఇక నా దగ్గర మిగిలింది ఒకటే. పిల్ల తలకూ ఆ చేతికీ మధ్య నా బట్టతల పెట్టాను.

తపక్‌మంది.

కంగారులో స్రవంతి లేచింది. బరువు తగ్గి మీట పైకొచ్చింది. మేళం ఠక్కున ఆగింది. తెర పట్టుకున్నవాళ్ళు భయంతో తెర వదిలేశారు. పెళ్ళికొడుకు మొట్టమొదట చూసింది నన్ను. నా చెవి వెంట బెల్లం కారుతోంది.

సుందరమ్మగారు లేచి మెల్లగా మండపం ఎక్కారు. "చెయ్యి పిల్లమీద పడిందా?"

"లేదు నాయనమ్మా, మామ మీద పడ్డది" అంది స్రవంతి.

ఆమె గోడ గడియారం చూశారు. తర్వాత నన్ను, ఎంతసేపో. "ఇతనికి ఇదివరకే పెళ్ళయిందా?"

"అయిందండీ" అన్నాను.

"అయితే ఇది లెక్కలోకి రాదు. ఇంకో ముద్ద నూరండి, టైముంది."

వెనక వరుసలోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "మీకు నచ్చితే తోల్కపోండ్రి, నేనేం అననులే."

మొదట నవ్వింది సుందరమ్మగారే. రెండో ముద్ద సరైన ఘడియకు సరైన తలమీద పడింది. గట్టిమేళం పంతులుగారు సొంత గొంతుతోనే అన్నారు.

కనుక సర్వజనులకూ గంభీరంగా తెలియజేస్తున్నాను. ఇకమీదట మౌత్ ఆర్గాన్‌ను ఉత్తదే వాయిస్తాను. కొండ కావాలంటే కొండ దగ్గరికే పోతాను. రోటరీ కావాలంటే నేనే గుండ్రంగా తిరుగుతాను. దీపాలు చూసి ఏ డబ్బానూ కొనను, బుట్ట మోసే రోజున మల్లెదండల జోలికి పోను.

ఇక ఒట్టు సంగతి. ఈరోజు పొద్దున చూస్తే ఒక రీడ్ మూగబోయింది, అందుకని చెప్పేస్తున్నాను. ఇందులో ఒక్కటే కల్పించాను, బట్టతల. ఆ రోజు నాది దువ్వెన విరిగేంత ఒత్తయిన జుట్టు. ఆ బెల్లం సిమెంటులా పట్టేసి ఎంత కడిగినా వదల్లేదు. సాయంత్రం వైరాలోనే మంగలి షాపులో కూర్చున్నాను.

"మొక్కు ఉన్నదా అన్నా?" అన్నాడు కత్తి నూరుతూ.

"అవ్."

"ఏ దేవునికి?"

"సత్తుపల్లి అల్లునికి" అన్నాను.