గియాసుద్దీన్ పాస్ చెయ్యని పిస్తోలు

మా గియాసుద్దీన్ వందసార్లు పరీక్షించనిదే దేన్నీ నమ్మడు. తొంభైతొమ్మిదిసార్లు బాగా పనిచేసినా సరే, "ఇంకొకటి ఉన్నది, జర ఆగుండ్రి" అంటాడు.

సింగపూరు జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో మీటర్లు సరిచూసే ఇంజనీరు. ఉద్యోగం వల్ల అబ్బిన అలవాటు అనుకునేరు. కాదు, పుట్టుకే అంత. వాళ్ళావిడ హాజరా నాతో స్వయంగా చెప్పింది.

"పెండ్లిచూపులకు ఐదుసార్లు వచ్చిండన్నా. నాలుగోసారికి మా అబ్బా చాయ్ బంద్ చేసిండ్రు. ఐదోసారి మంచినీళ్ళు సుత ఇయ్యలే. అయినా వచ్చిండు."

"నిన్ను చూడ్డానికి అన్నిసార్లెందుకమ్మా?"

"చూసేటందుకు గాదు, ఆయనను చూస్తే నేను నవ్వుతనా లేదా అని. ఐదుసార్లు నవ్విన. గప్పుడు ఒప్పుకున్నడు."

"మరి వంద కాలేదే!"

"మిగిలిన తొంభైయైదు పెండ్లయినంక చూసుకుంటున్నడు."

బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్లు ఎదురెదురు. కనుక నేను చూడనిది లేదు. కొత్త గొడుగు కొంటే ముందు షవరు కింద పట్టుకుని నిలబడేవాడు. కొత్త రైస్ కుక్కరు వస్తే, నీళ్ళ కొలత తేలేదాకా ఆ ఇంట్లో వారం రోజులు ఒకపూట గంజి, ఒకపూట పలుకు. తిండి దుకాణాల హాకర్ సెంటరులో మేం టిష్యూ పొట్లం పెట్టి బల్ల చోప్ చేస్తే, అంటే మాదని ముందే పట్టిపెడితే, ఈయన నాలుగు కుర్చీల్లోనూ కూర్చుని లేచి, ఊపి చూసేలోగా ఎవరో వచ్చి వాటిలో సర్దుకునేవారు. రెండువేల సంవత్సరం వచ్చి, ఆగిపోతాయని అందరూ భయపడ్డ లోకంలోని కంప్యూటర్లన్నీ భేషుగ్గా నడుస్తున్నాయని పేపర్లో పడ్డా, మా ఉగాది వెళ్ళేదాకా ఈయన నమ్మలేదు.

ఆ సంవత్సరమే పిస్తోలు కథ జరిగింది.

మా బ్లాకులో లిఫ్టు తెరుచుకుంటే చాలు, మెళ్ళో ఆఫీసు కార్డుతో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ కుర్రాడు బయటికొచ్చే రోజులవి. అలాంటి ఒకడి భార్య అరుణశ్రీ. తెనాలి పిల్ల, ఎమ్మెస్సీ. వచ్చిన వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఒకచోట నిలవలేని మనిషి. జావా క్లాసులో చేరి మానేసింది. చైనీసు మొదలెట్టి మానేసింది. ఈత మూడు రోజులు. కాలేజీలో ఎన్.సి.సి.లో తుపాకీ కాల్చానని నోరుజారితే, చోవా చూ కాంగ్‌లో నేనూ గియాసుద్దీనూ సభ్యులుగా ఉన్న షూటింగ్ క్లబ్బుకి నేనే తీసుకెళ్ళాను.

ఆడవాళ్ళ జట్టులో ఒక స్థానం ఖాళీ. కొద్ది వారాల్లో ఎంపిక పోటీ. గాలి పిస్తోలుతో నలభై గుళ్ళు కాల్చి, నాలుగువందలకు మూడువందల యాభై తెచ్చుకుంటే స్థానం దక్కుతుంది. సొంత పిస్తోలు ఉండాలి. ఖరీదైనవి ఆ పిల్లకి అందుబాటులో లేవు. కేటలాగు తెప్పించి, ఉన్నవాటిలో చవకది నేను ఎంపిక చేశాను.

ఎంపిక చేసే అర్హత నాకుందా అంటారేమో, రెండు ముక్కలు చెబుతాను. పల్నాడులో పల్లెటూరి బళ్ళో చదువుకున్నవాణ్ణి నేను. జిల్లా ఎన్.సి.సి. క్యాంపులో ఐదుకు ఐదూ నల్లమచ్చలో కొట్టి కలెక్టరు చేతుల మీదుగా కప్పు అందుకున్నాను. డెబ్భైఎనిమిదిలో వెల్డరుగా ఈ దేశం వచ్చి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. భద్రత బహుమతి మూడుసార్లు నాదే. నేను ఎంచిన వస్తువు చెడింది లేదు.

ఈ దేశంలో పిస్తోలు ఇంటికి తెచ్చుకోనివ్వరు, క్లబ్బు ఇనప్పెట్టెలోనే ఉండాలి. కొత్తది ఏదొచ్చినా గియాసుద్దీన్ పరీక్షించి సంతకం పెట్టాకే పోటీకి పనికొస్తుంది. పిస్తోలు వచ్చిన మొదటి ఆదివారం సెక్రటరీ లిమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"చీప్ వన్ లా, అంకుల్. కెన్ షూట్. కెన్నాట్ విన్."

నాకు ఒళ్ళు మండింది. "గియాస్ భాయ్, మీరు చూసి చెప్పండి."

ఆయన పిస్తోలును చెయ్యి కదలిక లేకుండా బల్ల మీది వైస్‌లో బిగించి, పక్క గదిలో ఒక్కడే వంద గుళ్ళు కాల్చి వచ్చాడు. పిస్తోలును అరుణశ్రీ చేతిలో పెట్టాడు. ఆ పిల్ల నలభై కాల్చింది. మూడువందల పన్నెండు. గుళ్ళు గురి అట్టంతా చెల్లాచెదురుగా పడ్డాయి.

"తప్పు పిస్తోలుదా నాదా అంకుల్? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాదైతే ఇవాళ్టితో మానేస్తా. ఈ ఊరొచ్చి పట్టుకున్నదల్లా వదిలేశా, ఇదో లెక్కా!" నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

గియాసుద్దీన్ పిస్తోలు గొట్టంలోకి చూశాడు. నా వైపు చూశాడు. "దీని మీద డౌట్ ఉన్నదమ్మా. ఇంకో వంద కాల్చాలె. నేను కాలిస్తే దాని గుణం తెలుస్తలేదు, నువ్వే కాల్చు."

నా ఎంపిక మీద డౌటా!

రెండో ఆదివారం చిన్న స్క్రూడ్రైవరు తీసి ఒక మర అర చుట్టు తిప్పాడు. "కుడికి గుంజుతున్నది. నువ్వు ఊపిరి సగం వదిలి ఆపినవనుకో, గుంజుడు బంద్ అయితది." అరుణశ్రీ ఊపిరి ఆపి వంద కాల్చింది. మూడో ఆదివారం అదే మర వెనక్కి అర చుట్టు తిప్పాడు. "ట్రిగ్గర్ మొండిగున్నది. మెల్లగ నొక్కు, పిల్లిని నిమిరినట్టు. తొందరపడితే ఇది అలుగుతది." ఇంకో వంద.

"భాయ్, పొద్దుపోతోంది! పాసో ఫెయిలో ఒక ముక్క చెప్పి తగలడండి."

"దశరథ్ సాబ్, పరేషాన్ కాకుండ్రి. ఇంకో వంద."

"కలెక్టరు చేతుల మీదుగా..."

"కప్పు నాకు తెలుసు సాబ్. పిస్తోలు తెల్వదు."

నాలుగో ఆదివారం లిమ్ వచ్చి చెప్పేశాడు. "నెక్స్ట్ వీక్ ట్రయల్. నో పాస్, నో షూట్ ఆ." అరుణశ్రీ బెంచి మీద కూర్చుని కాలు ఊపుతూనే ఉంది. నేను వరండాలో అటు నుంచి ఇటు ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. గియాసుద్దీన్ మాత్రం భూతద్దంతో ఆమె కాల్చిన అట్టలు చూసుకుంటూ, "ఇంకా చెదిరి పడుతున్నయి" అని గొణిగి మరో వందకి గుళ్ళ డబ్బా తెరిచాడు.

ఐదో ఆదివారం పొద్దున్నే క్లబ్బుకి వెళ్ళాం. సంతకం లేదు. పది గంటలకు పోటీ. తొమ్మిదిన్నరకు గియాసుద్దీన్ నన్ను వెంటబెట్టుకుని సెక్రటరీ గదికి వెళ్ళి, తన సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. దానికి పిన్నుతో గుచ్చిన ఒక అట్ట ఉంది. అట్ట మధ్యలో వంద గుళ్ళూ ఒకే కన్నంలోంచి దూరినట్టు, కందిగింజంత చిల్లు. కింద ఆయన చేతిరాత: 'వైస్‌లో వంద. గురి తప్పినవి సున్నా. పాస్.' తేదీ చూశాను. మొదటి ఆదివారం!

లిమ్ ముద్ర కొట్టిచ్చాడు. నేను గియాసుద్దీన్ చొక్కా పట్టుకున్నంత పని చేశాను.

"మొదటిరోజే పాసయిందా? నాలుగు వారాలు నా ప్రాణం తీశారే!"

"పిస్తోలు బంగారం సాబ్. మీ ఎంపిక కరెక్టే. తప్పు ఆమె చేతిది. వణుకుతుండె."

"ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"నాదైతే ఇయ్యాల్నే మానేస్తా అన్నది, మీరూ విన్నరు. మరేం చెప్పాలె? పిస్తోలు మీదికి తోసిన. అది మాట్లాడదు గద." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏండ్ల నౌకరీల ఒక్క మీటరు మీద అబద్ధం చెప్పలే సాబ్. దీని మీదనే చెప్పిన. పొద్దున పెట్టెలకెల్లి తీసినప్పుడు మాఫీ అడిగిన."

"దేన్ని?"

"పిస్తోలును."

పోటీలో అరుణశ్రీకి మూడువందల యాభైఏడు వచ్చింది. బయటికి పరిగెత్తుకొచ్చి, అందరూ వినేలా అరిచింది.

"నే మొదట్నించీ అంటూనే ఉన్నా కదండీ దశరథరామయ్య అంకుల్, మీరు ఎంచిన పిస్తోల్లోనే ఉంది లోపమంతా! గియాస్ అంకుల్ ఎంత బాగుచేశారో చూడండి!"

గియాసుద్దీన్ గంభీరంగా తలూపాడు. నేను కూడా ఊపాను. ఎంత కష్టపడి ఊపానో ఎవరికీ తెలియదు.

ఆ మాట క్లబ్బంతా పాకింది. మరుసటి ఆదివారం చూస్తే, తుపాకీలు బాగుచేసే మొనగాడని ఆయన బల్ల ముందు ఆరుగురు సభ్యులు సొంత పిస్తోళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కొన్ని ఖరీదైనవి, జర్మనీవి. ఆయన ఒక్కొక్కదాన్నీ అందుకుని, ముందు మనిషి చేతి వంకా తరువాత గొట్టంలోకీ చూసి, "డౌట్ ఉన్నది. ఇడ్సి పెట్టకుండ్రి, మీరే వంద కాల్చాలె" అంటున్నాడు.

వరసలో చివరివాణ్ణి నేను. ఈ మధ్య నా పిస్తోలు కూడా ఎడమకు లాగుతోంది.

ఆయన దాన్ని అందుకుని చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఇది శానా ఖరాబయింది సాబ్. మీరు ఆరు ఆదివారాలు రావాలె."