అక్క చెంప రంగు

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు చనిపోయినా తెల్లబడి పోతారు. నమ్మకపోతే ఏ ఇంటికైనా వెళ్ళి గోడ మీది ఫోటో చూడండి. ఎండలో వరి కోసిన మనిషి, బాయిలర్ ముందు నిలబడి బతుకంతా గడిపిన మనిషి, అందరిదీ ఒకే మీగడ రంగు, అందరి వెనకా ఒకే నీలి తెర. స్టూడియోవాళ్ళకు నల్లని ముఖమంటే తుడిచేయాల్సిన మరక. నాకీ కోపం ఇప్పటిది కాదు. మా అమ్మ పోయినప్పుడు, దినాలకని ఇచ్చిన ఒక్కగానొక్క ఫోటోను ఇట్లాగే కడిగి ఇచ్చారు. ఆ గోడ మీదున్నది మా అమ్మ అంటే నాకు ఈనాటికీ నమ్మబుద్ధి కాదు.

నేను బడి మొహం చూడలేదు. పటాన్‌చెరు పక్కన ఒక రంగుల ఫ్యాక్టరీలో డబ్బాలు మోసే పనికి చేరి, ఆ డబ్బాల మీది అక్షరాలతోనే చదవడం నేర్చుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్ళు రంగులు కలిపే విభాగంలో పనిచేశాను. ఒక రంగు పిసరంత తేడా వచ్చినా నాకు పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది.

మా అక్క చిట్కుల్‌లో ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక కూలికి పోయి నన్ను సాకింది. మొన్న వానాకాలం జ్వరమొచ్చి పది రోజులు మంచం పట్టి, లేచీ లేవగానే నన్ను పిలిపించింది.

"తమ్మీ, నా ఫోటో నువ్వే తియ్యి. నేను ఉన్నప్పుడే తయారు చేయించి పెట్టు."

"ఏంది అక్కా గా మాటలు?"

"మాటలు గాదురా. అమ్మను సూడు, గోడ మీద ఎవరో దొరసాని కూసున్నది. నేను పోయినంక నా మనుమరాండ్లు గసొంటి తెల్లామెకు దండం బెడితె ఊకుంటననుకున్నవా? దయ్యమై వస్త."

మా కోడలి ఫోన్‌లో కెమెరా మంచిదంటే అది అడిగి తీసుకెళ్ళాను. అక్కను గడపలో కూర్చోబెట్టి ఫోటో తీశాను. ముత్తంగి గోదాముల మధ్య, చిత్రకారుల బొమ్మలూ ప్రదర్శనల ఫోటోలూ ముద్రించే ల్యాబ్ ఒకటుందని పాత సహోద్యోగి చెబితే అక్కడికి పోయాను. లారీల దుమ్ము దాటి లోపల అడుగుపెడితే ఆసుపత్రంత శుభ్రం. గోడలన్నిటికీ బూడిద రంగు. ఎందుకమ్మా అని అడిగాను.

"గోడ రంగు కంట్ల వడితె ఫోటో రంగు తప్పు కనబడ్తది తాతా," అంది అక్కడ పనిచేసే ఆమె. నలభై ఏళ్ళుంటాయి. చేతులకు తెల్లటి నూలు తొడుగులు. నౌకరీ మానేశాక నా భాష మాట్లాడే మనిషి నాకు మళ్ళీ దొరికింది.

దూదితో చేసిన మందపాటి కాగితం మీద నమూనా తీసి నా ముందు పెట్టింది. చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క తెల్లగా ఉంది!

"నువ్వు గూడ గదే పని జేస్తివా బిడ్డా? ఇంతింత మిషన్లు పెట్టుకొని మా అక్కకు సున్నం కొడ్తివా?" అని అరిచాను. లోపలి పనివాళ్ళు తొంగి చూశారు.

ఆమె నొచ్చుకోలేదు. కంప్యూటర్ తెర మీద బొమ్మను పెద్దది చేసింది.

"చీర సూడండి తాతా, పోగు పోగు కనబడ్తుంది. ఇప్పుడు ముఖం సూడండి. గింత పెద్దామెకు ఒక్క ముడత లేదు. ఇది నేను జేసింది గాదు. మీ ఫోన్ల బ్యూటీ మోడ్ ఉన్నది. తీసేటప్పుడే తెల్లగ జేసింది."

స్టూడియోవాళ్ళను జన్మంతా తిట్టి, చివరికి నా చేత్తో నేనే అక్కకు సున్నం వేశాను. దీన్నే సరిచేయలేవా అని మెల్లగా అడిగాను.

"చెయ్యొచ్చు. కానీ పోయిన ముడతలు నేను మనసుల అనుకొని గియ్యాలె. అది మీ అక్క ముఖం గాదు, నేను గీసిన ముఖమైతది. ఇంకొకటి తీసుకరండి."

చేతనైన పనిని కూడా వద్దన్న మనిషిని ఎన్నాళ్ళకు చూశానో! ఆ మోడ్ తీయించి అక్కను మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి ల్యాబ్ ఆమె అక్క ముఖం వరకే మూడు పట్టీలుగా, మూడు ఛాయల్లో ముద్రించి ఇచ్చింది. ఫోటో ఎక్కడ పెడతామో అక్కడే, అక్క పక్కన పట్టి చూడమంది. తమ లైట్ల కింద బాగున్నది ఇంట్లో బాగుండాలని లేదట. నాకు మా ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద చూసి రంగు కుదిరిందన్నవాణ్ణి మా పెద్ద మేస్త్రీ రంగు పూసిన నమూనా పలకతో సహా బయటి వెలుతురులోకి తరిమేవాడు.

అక్క చెంపకు ఒక్కో పట్టీ ఆనించి చూశాను.

"నన్నేమన్న గోడనుకున్నవారా?"

"కదలకే అక్కా, జెర ఆగు."

"ఒక్క కోటింగేనా, రెండేస్తవా?"

మొదటిది బూడిదలా ఉంది. మూడోది ఇటుక. మళ్ళీ ముత్తంగి పోయి, "రెండోది దగ్గరికొచ్చింది బిడ్డా, జెర ఎరుపు తక్కువున్నది," అన్నాను.

"ఎంత తక్కువ?"

"చిటికెడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తెర ముందు కూర్చుని దేన్నో వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ ముద్రించి, వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో నా చేతికిచ్చింది. గడ్డం కింద కొడవలి మచ్చ, కళ్ళ కింద నలుపు, ముడతల్లో చేరిన నీడ, నలుపు అడుగున వెచ్చటి ఎరుపు. అక్కే. పెద్ద చదువుల వాళ్ళెందరి దగ్గరో పనిచేశాను. చిటికెడంటే ఎంతో తెలిసిన చదువు ఈమె దగ్గరే చూశాను.

ఫ్రేము కట్టించి తెస్తే అక్క చాలాసేపు చూసింది. పెట్టెలో దాస్తానంటే ఒప్పుకోలేదు.

"అమ్మ పక్కకు ఏలాడగట్టు."

"బతికున్నోళ్ళ ఫోటో ఆడ పెట్టొద్దే."

"ఎవరు జెప్పిన్రు? నా ముఖం నేను సూస్కోవద్దా?"

కట్టాను. మర్నాడు పొద్దున నేనింకా అక్కడే ఉన్నాను. పక్కింటి కోడలు పెరుగు తోడు కోసం వచ్చి, గోడ వైపు చూసి గుమ్మంలోనే కూలబడింది.

"అయ్యో పెద్దమ్మా, ఎప్పుడు వోయినవే! మాకు ఒక్క మాటన్న జెప్పకపాయిరి!"

"యాడికి వోలేదు, చాయ్ పెడ్తున్న, కూసో!" అని వంటింట్లోంచి అక్క కేకేసింది.

ఆ పిల్ల కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నన్ను తిట్టింది. ఫోటో ఎవరిదని మాత్రం అడగలేదు.