తెగిన సంతకం

తార్నాకలో బాలస్వామి బైండింగ్ షాపు పెట్టి ఇరవై రెండేళ్లు. యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్లు థీసిస్‌కు అట్ట కట్టించుకోవాలంటే అతని దగ్గరికే వస్తారు. చదివింది ఏడో తరగతే. ఎప్పుడో ఒక ప్రొఫెసర్ నోట విన్న 'ఫేటల్ ఫ్లా', అంటే దిద్దలేని లోపం, అనే మాట మాత్రం అతన్ని పట్టుకుని వదల్లేదు. వేరే షాపువాడు తలకిందులుగా కుట్టిన పేజీ నుంచి హబ్సిగూడ టిఫిన్ సెంటర్ చట్నీ దాకా అన్నింటికీ అదే తీర్పు.

ఆ రోజు ప్రశాంత్ అనే విద్యార్థి ఇంకెక్కడో కట్టించిన పుస్తకం తెచ్చి చూపించాడు.

"గిది ఫేటల్ ఫ్లా బిడ్డా. దీనికి మందు లేదు" అంటూ బాలస్వామి ఒక్కో తప్పూ వివరించాడు. ఆ మాటల్లో పడే, శిరీష అనే విద్యార్థిని ఇచ్చి వెళ్లిన థీసిస్ కుట్టాడు. కుట్టేముందు కాగితాలను బల్ల మీద నిలబెట్టి తట్టి అంచులు కలపడం అతని అలవాటు. ఆ రోజు తట్టలేదు; ఒక పేజీ పక్కకు జరిగి ఉండిపోయింది. కటింగ్ మిషన్ కత్తి దించాడు.

రాలిన ముక్కల్లో ఒకదాని మీద నీలం సిరా.

సర్టిఫికెట్ పేజీలో ఆమె గైడు సుందరరావు సారు సంతకం సగం తెగిపోయింది. ఆ సంతకం పెట్టిన మూడోనాడే సారుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. శిరీష యూనివర్సిటీలో థీసిస్ ఇవ్వడానికి ఆఖరి గడువు ఆ సాయంత్రం నాలుగు.

ప్రశాంత్ వెళ్లిపోయాక కూడా బాలస్వామి కదల్లేదు.

"ఏందయ్యా, కొయ్యబారినవ్?" అని జిగురు కలుపుతున్న భార్య అమృతమ్మ లేచి వచ్చి చూసింది. "నువ్వు రోజూ అందరినీ అనేది గిదేనా?" గొంతు తగ్గించింది. "గా సంతకం తోక నువ్వే గీసెయ్యి. ఎవ్వలకు తెలుస్తది?"

పెన్ను తీశాడు. మంచం మీద పడున్న సారు చెయ్యి గుర్తొచ్చి పెన్ను పెట్టేశాడు. తెగిన ముక్కనే వెనక పల్చటి కాగితం వేసి అతికాడు. అతుకు దాగలేదు.

రెండింటికి శిరీష వచ్చింది. పేజీ తనే తెరిచి చూపించాడు.

"నా చెయ్యి తప్పింది బిడ్డా."

ఆమె స్టూలు మీద కూలబడింది. "సారు మళ్ల పెట్టలేడు కాకా."

"తెలుసు. నేనొస్తా, పా."

స్కూటర్ మీద క్యాంపస్‌కు వెళ్లారు. ఆఫీసులో క్లర్కు సారమ్మ అతుకు మీద బొటనవేలితో రుద్ది చూసింది. "ఎవరు చేశారిది?"

"కోసింది నేనే, అతికింది నేనే అమ్మా. పిల్లకేం తెల్వదు."

ఆమె గడియారం చూసింది. "ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. హెడ్ గారి సంతకం కూడా తెండి. నాలుగు దాటితే నేనేం చెయ్యలేను."

బాలస్వామి అక్షరాలు వంకరపోయాయి. హెడ్ గారి సంతకం కోసం వరండాలో శిరీష పరుగెత్తింది, వెనక అతనూ. నాలుగుకు ఇంకా ఐదు నిమిషాలుండగా థీసిస్ మీద ఆఫీసు ముద్ర పడింది.

వారం తర్వాత ప్రశాంత్ ఇంకో పుస్తకం తెచ్చాడు. "కాకా, ఇదీ ఫేటల్ ఫ్లానేనా?"

బాలస్వామి చేతిలోని కాగితాల కట్టను బల్ల మీద తట్టాడు. తిప్పి మళ్లీ తట్టాడు.

"ఆగు, సూద్దాం" అన్నాడు.