పాత లాప్‌టాప్‌లో చిలక

2018 ఎండాకాలం. నల్గొండలో నేను లాప్‌టాప్‌ల దుకాణం పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. కొత్తవి అమ్ముతాను, పాతవి బాగుచేస్తాను. షట్టర్ ఎత్తేది, స్క్రూడ్రైవర్ పట్టేది, బిల్లు రాసేది అన్నీ నేనే. అయినా వచ్చినవాళ్ళలో సగంమంది నన్ను చూసి, నా వెనకాల ఎవరున్నారా అని చూసి, "సార్ లేడా మేడం?" అంటారు. "సార్‌ను నేనే, చెప్పండి" అనడం అలవాటు చేసుకున్నాను. కోపం మాత్రం పోలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు చెప్పబోయే కేసులో నేనూ సరిగ్గా అదే తప్పు చేశాను.

మా వ్యాపారంలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. మామూలుది తీసుకోవాలా, ఖరీదైనది తీసుకోవాలా? ప్రాసెసర్ పని చేసే మెదడు. ర్యామ్ ఆ పనిని పరుచుకునే బల్ల. వీడియోలు కత్తిరించేవాళ్ళకు, పెద్ద బొమ్మలు గీసేవాళ్ళకు పెద్ద బల్ల కావాలి. ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి పెళ్ళిపందిరంత బల్ల దేనికి? ఈ మాట చెప్పి నేను పోగొట్టుకున్న బేరాలు చాలానే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున భిక్షపతి అనే పెద్దాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నల్గొండకు గంటన్నర దూరంలో ఉన్న నేత ఊరు ఆయనది, ఇక్కత్ చీరలు నేస్తారు. తువ్వాలలో చుట్టిన పాత లాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెట్టి, చెయ్యి వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"సార్ లేడా బిడ్డా?"

"నేనే కాకా. చెప్పు, ఏమైంది దీనికి?"

"దీనికేం గాలే. నాకు పెద్దది గావాలె. నీ దుకాణంల అన్నిటికంటె పెద్దది. దానికి తాళం ఉండాలె. నేను తప్ప ఇంకెవ్వరు తెరవరాకుండ."

వేలిముద్రతో తెరుచుకునేవి ఉన్నాయని, కానీ అవి ఖరీదైన రకాల్లోనే వస్తాయని చెప్పాను. ఏ పనికని అడిగాను. డిజైన్లకట. పాతది తెరిచి చూశాను. ఎక్సెల్ షీటు నిండా చిన్న చిన్న గడులు, ఒక్కో గడికీ ఒక్కో రంగు. గ్రాఫు కాగితం మీద గీసినట్టు కొంగు డిజైను గీసి ఉంది. పెద్ద చిలక, దాని చుట్టూ లతలు. చిలకకు కన్ను లేదు, కన్ను ఉండవలసిన గడి తెల్లగా ఉంది.

"ఈ పనికి మామూలుదే ఎక్కువ కాకా. పెద్దది తీసుకొని ఏం చేస్తవు? కన్నెందుకు పెట్టలేదు దీనికి?"

"కన్ను ఆఖరికి పెడ్తడు." గొంతు తగ్గించి అన్నాడు. "దీంట్ల మా తమ్ముడున్నడు బిడ్డా."

తమ్ముడి పేరు యాదగిరి. ఆ ఇంట్లో డిజైన్లు గీసేది అతనే. ఏడు నెలల కింద గుండె ఆగి చనిపోయాడు. ఈ చిలక అతని చివరి డిజైను, నూటపన్నెండో వరుస దగ్గర ఆగిపోయింది. పదిహేను దినాలైనాక భిక్షపతి తెరిచి చూస్తే నూటపద్నాలుగు వరుసలున్నాయి. తను తప్పు లెక్కపెట్టాననుకున్నాడు. గోడ మీద సుద్దతో గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. గీతలు పెరుగుతూ పోయాయి. ఇప్పుడు నూటముప్పై ఒకటి.

"ఇంకొకటి చెప్త ఇను. చిటికి కట్టాలంటె ముడికి జాగ గావాలె." చిటికి అంటే రంగు అంటకుండా దారాన్ని బిగించి కట్టే ముడి. "రెండు రంగులు ఆనిచ్చి పెడితె ఒకదాంట్లకొకటి పారుతది. నడుమ ఒక గడి ఇడువురా అని వానికి ఎన్నో తీర్ల చెప్పిన. బతికున్నన్ని దినాలు ఇనలే. చూడు, నూటపన్నెండు దాంక ఏడా ఇడువలే. ఆ తర్వాత ప్రతి కాడ ఇడిచిండు. ఇప్పుడు ఇంటున్నడు."

బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి, కౌంటర్ మీద ఎండ పడుతోంది. అయినా నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ సంగతి నా వెంట్రుకలకు తెలిసినట్టు లేదు.

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను. తను, భార్య, తల్లి అన్నాడు. కొంచెం ఆగి, "మరదలున్నది, వాని పెండ్లాం. ఆమెకు చదువు రాదు" అన్నాడు. దేవుణ్ణి అడిగించారట. యాదగిరి భార్య ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు వాడు ఇల్లు విడవడని చెప్పారట. "ఏడాది మాసికం కాంగనే తల్లిగారింటికి తోలేస్తం" అన్నాడు. ఆమెకు తల్లిదండ్రులున్నారా అని అడిగాను. లేరన్నాడు, అన్న ఉన్నాడట. నేను తలూపి ఆమె సంగతి అక్కడితో వదిలేశాను.

లాప్‌టాప్‌ను మూడు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. వైరస్ ఏమైనా ఉందా, దూరం నుంచి ఎవరైనా నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ ఉందా, కీబోర్డులో మీటలు వాటంతటవే పడుతున్నాయా, అన్నీ చూశాను. ఏమీ దొరకలేదు. ఫైలును ఆఖరుసారి సేవ్ చేసిన సమయం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అని ఉంది. నా బీరువాలో ఉన్న మూడు రోజులూ ఒక్క వరుస పెరగలేదు. ఎవరో ఇంట్లోవాళ్ళే చేస్తున్నారని భిక్షపతికి చెబితే నొచ్చుకున్నాడు. "మా ఇంట్ల ఎవ్వరికి రాదు బిడ్డా. వానికొక్కనికే వస్తది" అన్నాడు. సరే, ఆయన భయం ఆయనది అనుకొని, వేలిముద్ర తాళం ఉన్న ఖరీదైనదే అమ్మాను. పాతదాన్ని ఆయన వెంట పంపి, అంత పెద్దది కొన్నాడు కాబట్టి మర్నాడు ఇంటికి వచ్చి ఫైళ్ళు ఎక్కించి ఇస్తానని కూడా ఒప్పుకున్నాను.

నేను వెళ్ళేసరికి ఎండ నడినెత్తిన ఉంది. వరండాలో ఒకామె ఆసు పోస్తోంది. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం. చిటికి కట్టేముందు, చీరకు అడ్డంగా నేసే పేక దారాన్ని దాని మీద అటూ ఇటూ కొన్ని వేలసార్లు తిప్పాలి. ఆమె లేచి నాకు మంచినీళ్ళిచ్చింది. తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను. ముఖం చూడలేదు.

ముందు గదిలో కొత్తది తెరిచి భిక్షపతి వేలు పెట్టించాను. తీసుకోలేదు. తడి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించాను. పది వేళ్ళూ అయ్యాయి. నలభై ఏళ్ళు దారం లాగిన వేళ్ళ మీద గీతలెక్కడుంటాయి? నునుపుగా అరిగిపోయాయి. నేను ఆ సంగతి చెప్పేలోపే ఆయన ముఖం పాలిపోయింది.

"వాడు నన్ను రానిస్తలేడు" అన్నాడు.

మూలన మంచం మీదున్న అవ్వ, వాళ్ళ తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వాతావరణం తేలిక చేద్దామని గట్టిగా, "ఏం గాదు కాకా, తిన్నంక పాతదాంట్ల ఉన్నదంత తుడిచేస్త. ఇగ ఏ లొల్లి ఉండది" అన్నాను. పాతది లోపలి గదిలో యాదగిరి బల్ల మీద తెరిచే ఉంది, ఫైళ్ళు కాపీ అవుతున్నాయి. భిక్షపతి భార్య మగ్గాల షెడ్డుకు అన్నం తీసుకుపోయింది. భిక్షపతీ నేనూ భోజనానికి కూర్చున్నాం.

నాలుగు ముద్దలు తిన్నామో లేదో, వరండాలో ఆసు చప్పుడు ఆగింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు లోపలి గదిలోంచి వినబడింది. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. టక్.

భిక్షపతి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఇన్నవా బిడ్డా?" అన్నాడు, పెదవులు మాత్రమే కదిలాయి.

నేను లేచాను. భయమేసింది, దాచడం దేనికి? ఆ ఆరడుగులూ గోడ పట్టుకొని నడిచాను. తలుపు తోసేసరికి గదిలో ఎవరూ లేరు. తెర మీద కొత్త వరుస సగం దాకా నిండి ఉంది. కర్సర్ కొట్టుకుంటోంది. పెరటి వైపు తలుపు కొద్దిగా ఊగుతోంది. బల్ల ముందున్న స్టూలు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వరండాలో ఆసు చప్పుడు మళ్ళీ మొదలైంది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. పెరటి దారిన వరండాలోకి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ముఖం అప్పుడు చూశాను. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు పద్మ.

"నువ్వే గదా?" అన్నాను మెల్లగా.

దారం తిప్పుతూనే చెప్పింది. "ఆ వరుస సగంల ఉండె. మీరు తుడిచేస్తమంటిరి."

"ఎట్ల నేర్చుకున్నవు? చదువు రాదన్నరు."

"నాలుగేండ్లు ఆయన పక్కన కూసోని చూసిన. రంగులు పెట్టేటందుకు చదువెందుకక్కా?"

"మరి చెప్పకపోయినవా?"

ఆమె చెయ్యి ఆగింది. "చెప్తె ముట్టనియ్యరు. చెప్పకపోతె ఎల్లగొడ్తరు" అంది.

నాకు సిగ్గేసింది. నా దుకాణానికి వచ్చిన ప్రతివాడి మీదా పళ్ళు కొరికే నేను, ఈ ఇంటి గురించి అడిగిందంతా మగాయన్ని. లాప్‌టాప్ ముట్టుకోగలిగిన మనిషి నా చేతికి నీళ్ళిస్తే గ్లాసు మాత్రమే చూశాను. పైగా ఆమెకు ఆ ఇంట్లో మిగిలిన ఒక్క దారికీ వేలిముద్ర తాళం వెయ్యడానికి వచ్చాను.

"నేను చెప్పనా?" అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని లేచి, తనే లోపలికి నడిచింది. స్టూలు మీద కూర్చొని ఆగిపోయిన వరుస అందుకుంది. ఎరుపు, ఎరుపు, నలుపు. నడుమ ఒక గడి వదిలి, పసుపు. భిక్షపతి కడగని చేత్తో గడప మీద నిలబడి చూస్తున్నాడు.

"గడి ఇడిచింది నువ్వా?"

పద్మ తల తిప్పలేదు. "మీరు ఆయనకు చెప్తుంటె నేను ఇంటుండె బావా. ఆసు కాడ కూసోని."

ఆయన గడప మీదే కూలబడ్డాడు. ఏడ్చాడు. తమ్ముడు పోయాక ఏడ్చాడో లేదో నాకు తెలియదు కానీ, ఆ రోజు మాత్రం తమ్ముడు ఇక నిజంగా లేడని తెలిసినట్టు ఏడ్చాడు. అవ్వ మంచం దిగి వచ్చి కోడలి తల మీద చెయ్యి పెట్టింది. "తోలుడు లేదు గీలుడు లేదు. నా కోడలు యాడికి పోదు" అంది.

కాసేపటికి భిక్షపతి ముఖం తుడుచుకొని తెర దగ్గరికి వచ్చాడు. పై వరుసల్లోకి చూసి, "కన్ను గూడ పెట్టినవా?" అన్నాడు.

చూశాను. చిలక కంటి గడి నల్లగా నిండి ఉంది.

"నేను పెట్టలే బావా" అంది పద్మ. "అది ఆఖరికి పెట్టేది గదా. నిన్న మీరు ఇంటికి తెచ్చినంక చూసిన, అప్పటికే ఉండె. నల్గొండల అక్క పెట్టిందేమో అనుకున్న."

ముగ్గురూ నా వైపు చూశారు. నా దుకాణంలో మొదటిరోజు ఆ గడి తెల్లగా ఉండడం నేను చూశాను, ఎందుకు పెట్టలేదని అడిగాను కూడా. తర్వాత మూడు రోజులు అది నా బీరువాలో ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. కీబోర్డు పరీక్షించేటప్పుడు ఫైలు తెరిచి ఉండి, నా వేలే ఎక్కడో తగిలి ఉండాలి. అదే జరిగి ఉంటుంది. కాకపోతే ఒక గడికి రంగు వెయ్యాలంటే మూడుచోట్ల నొక్కాలి, అదీ వరసగా. ఆ మాట నేను వాళ్ళకు చెప్పలేదు.

ఖరీదైనదాన్ని వెనక్కి తీసుకొచ్చేశాను. వారం తర్వాత ఇద్దరూ కలిసి దుకాణానికి వచ్చి, తాళం లేని మామూలు లాప్‌టాప్ ఒకటి తీసుకున్నారు. కౌంటర్ మీద దాన్ని భిక్షపతి వైపు తిప్పబోయి, ఆగి, పద్మ వైపు తిప్పాను. యాదగిరి ఏడాది మాసికం ఎప్పుడో అయిపోయింది, ఆమె ఆ ఇంట్లోనే ఉంది. ఇప్పుడు డిజైన్లన్నీ ఆమెవే.

ఆ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. ఎవరు వచ్చినా ఏ పనికి అని అడగడానికి ముందు, దీని మీద చెయ్యి పెట్టేది ఎవరని అడుగుతాను. జవాబు చెప్పే మనిషిని వదిలి, వాళ్ళ వెనకాల ఎవరైనా నిలబడి ఉన్నారా అని చూస్తాను. చాలాసార్లు ఉంటారు.

ఇంకొకటి కూడా మారింది. ఎవరి లాప్‌టాప్ కీబోర్డు పరీక్షించినా, ముందు వాళ్ళ ఫైళ్ళన్నీ మూసేస్తాను. నా వేలే అయితే మళ్ళీ తగలకుండా.