రాజమల్లు పాలీ లెక్క

2024 నవంబరు 18, సోమవారం. ముప్పై ఐదు రోజులు. ఇరవై ఎనిమిది రోజులకొకసారి ప్రణయ్‌కు పడవలసిన సూది అప్పటికి వారం ఆలస్యమైంది.

అతని తండ్రి రాజమల్లు జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా పరాయి రాష్ట్రంలో, లింబాయత్ అనే మగ్గాల పేటలో మరమగ్గాలు నడుపుతున్నాడు. రాజమల్లుకు కాలమంటే పాలీలే, మగ్గం షిఫ్టులే: ఒక వారం పగలు, మరో వారం రాత్రి. తన పెళ్లి తేదీ చెప్పలేడు. పగటి పాలీ వారమని మాత్రం చెబుతాడు.

పద్నాలుగేళ్ల ప్రణయ్ తండ్రికన్నా బెత్తెడు పొడవు. పుట్టుకతోనే అతని కణాల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంది. ఎదిగే వయసుకు కావలసినంత మగ హార్మోను శరీరంలో తయారుకావడం లేదు. ఛాతీ కొద్దిగా ఉబ్బడంతో మే నెల ఎండలోనూ అతను చలికోటు విప్పలేదు. జూలైలో డాక్టరు హార్మోను సూదులు మొదలుపెట్టారు. రెండు రాత్రి పాలీ వారాలకు ఒక సూది అని రాజమల్లు గుర్తుపెట్టుకున్నాడు. నాలుగు సూదులు సరిగ్గా పడ్డాయి. ప్రణయ్ గొంతు బొంగురుపోవడం మొదలైంది. అంతలో దీపావళికి మగ్గాలు మూడు వారాలు మూతబడ్డాయి.

"బాపూ, సూది పోయిన సోమారమే ఉండె," అన్నాడు ప్రణయ్, ఆసుపత్రి కార్డు చూపుతూ. మళ్లీ పాత గొంతే వస్తుందేమోనని అతని భయం.

"పాలీలే నడవలేదు గద బిడ్డా."

చీరలు మడతపెడుతున్న తల్లి ఊర్మిళ తలెత్తలేదు. "మగ్గం ఆగితే పోరడు పెరుగుడు ఆగుతదా?"

ఆ రోజే సూది పడింది. ఒక్క ఆలస్యానికి గొంతు వెనక్కి పోదని డాక్టరు నవ్వారు; అయితే డిసెంబరు 16న, తర్వాతి సూదికి ముందు, రక్తపరీక్ష తప్పనిసరి అన్నారు. ఆ తేదీ దాటితే మందు మోతాదు తేలదు.

మరుసటి వారం, సాయంత్రం పాలీ మారేవేళ, రాజమల్లు కొడుకును కార్ఖానాకు పిలిచి మగ్గం మీద సుద్దముక్కతో ఆ తేదీ రాయించాడు. అవే మగ్గాలను ఆ వారం రాత్రి పాలీలో నడిపే సోమలింగం గుడ్డ తీసి తుడవబోయాడు.

"ఏంది మల్లన్నా, రెండో లగ్గం పెట్టుకున్నవా?"

రాజమల్లు ఏదో సాకు వెతుక్కుంటున్నాడు. ప్రణయ్ ముందుకు వచ్చాడు.

"తుడవకు కాకా. నా హార్మోను సూది తారీఖు."

మగ్గాల చప్పుడులో సోమలింగానికి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, "జర గట్టిగ చెప్పు," అన్నాడు.

ప్రణయ్ మళ్లీ గట్టిగా చెప్పాడు. గొంతు మధ్యలో బొంగురుపోయింది.

సోమలింగం గుడ్డను భుజాన వేసుకున్నాడు.