రజియా ఖాలా భర్త గురించి నేను రాసిన అబద్ధం

పదిహేనేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. చనిపోయిన ఒక మనిషి పరువు తీశాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది కాచిగూడ. తాతగారు ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. నేను పట్టుబట్టి యూనివర్సిటీలో ఉర్దూ చదివాను. ఆఖరి ఏడాది మా మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఉర్దూ మాట్లాడే ఒక ఇంటికి పది వారాలు వెళ్లాలి. వాళ్ల మాట వినాలి. వాళ్ల గురించి ముందు ఏమనుకున్నామో, ఏం మారిందో ఉర్దూలోనే రాయాలి.

నాకు రజియా ఖాలా దొరికారు. ఖాలా అంటే పిన్ని, అందరూ అలాగే పిలిచేవారు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక్క గది. పాత పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లు చిరిగినవన్నీ ఆవిడకే తెచ్చిచ్చేవారు. భర్తదీ అదే పని. ఆయన పోయి నాలుగేళ్లయింది. పెళ్లినాటికి ఆవిడకు అక్షరం ముక్క రాదట. మధ్యాహ్నం పని ఆపి, ఆవిడ వేలు పట్టుకుని ఒక్కో అక్షరం కింద పెట్టి ఆయనే చదివించాడట. నవ్వుతూ చెప్పారు.

రెండుసార్లే వెళ్లాను. ఎండ అని సాకు చెప్పుకున్నాను, నిజానికి బద్ధకమే. గడువు దగ్గరపడేసరికి చేతిలో రెండు పేజీలున్నాయి. సుఖంగా గడిచిన కాపురం. దాని గురించి ఏం రాస్తాం, ఎవరు చదువుతారు అనుకున్నాను.

అందుకని తిరగేసి రాశాను. భర్త ఆమెను పుస్తకం ముట్టనివ్వలేదని. చదువుతూ దొరికితే కొట్టాడని. ఆయన పోయాకే దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుందని. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది నాకు? మా ఇంట్లో అన్నాల దగ్గర ‘వాళ్లు’ అంటూ దొర్లే మాటల్లోంచి. ఏ మాటలు నాలోంచి పోవాలని మేడం నన్ను ఆ ఇంటికి పంపారో, అవే మాటలు మంచి ఉర్దూలో పెట్టి ఇచ్చాను. పేర్లు కూడా మార్చలేదు.

క్లాసులో నాదే మొదటి స్థానం. మేడం కళ్లు తుడుచుకున్నారు. లైబ్రరీలో పెట్టడానికని, నాకు చెప్పకుండానే బైండింగుకి ఖాలాకే పంపారు. తీసుకురమ్మన్నప్పుడు గాని నాకు తెలియలేదు.

వెళ్లాను. పుస్తకం సిద్ధంగా ఉంది.

“నువ్వు రాసింది చదివిన, బిడ్డా,” అన్నారు ఖాలా. “మీ మేడంకు చెప్త అని ఫికర్ పడకు. గానీ గాయన నన్నెప్పుడు కొట్టిండు?”

“ప్రాజెక్టుకి అలాగే కావాలన్నారు ఖాలా,” అన్నాను. అదీ అబద్ధమే.

“నువ్వు మళ్ల రాకపోతే, పరీక్షలున్నయేమో అనుకున్న.” పాత పేపరు అందుకుంటూ అన్నారు, “గాయన పేరన్న మార్చకపోతివి.”

పుస్తకాన్ని పాత పేపర్లో చుట్టి నా చేతికిచ్చారు. క్షమించమని అడగాలని తోచలేదా? తోచింది. అడిగితే నేను చేసింది నిజమైపోతుందని భయపడ్డాను. మేడంకి చెప్పనని ఆవిడే నాకు ధైర్యం చెప్పడం ఇంకా తొలుస్తూనే ఉంది.

ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెబుతున్నాను. అదే ప్రాజెక్టు ఇస్తాను. ముందు వినండి, తర్వాత రాయండి అంటాను. ఒకసారి ఆ సందుకి వెళ్లాను. గదిలో మొబైల్ రిపేర్ షాపు. ఎక్కడికి పోయారని పక్కవాళ్లను అడగలేదు. చెబితే అక్కడికి వెళ్లాల్సి వస్తుంది కదా.

మొన్న ఒక విద్యార్థిని లైబ్రరీలో ఆ పుస్తకం చదివి వచ్చింది. “మేడం, ఏం మనిషి ఆయన! గంత ఘోరమా?” అంది.

“అప్పట్లో అలాగే ఉండేవాళ్లు,” అన్నాను.

పదిహేనేళ్ల తర్వాత కూడా, నోటి వెంట సులువుగా వచ్చేసింది. ఆ పిల్ల తలూపి నోట్సులో రాసుకుంది.

ఆ పిల్లకు నిజం ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను, నా మాట విలువ నాకు తెలుసు. మీరు క్షమించాలని కూడా ఇది రాయలేదు, ఆ హక్కు మీది కాదు. ఆయన ఎన్నడూ చెయ్యెత్తలేదు. నేను అబద్ధం రాశాను. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.