ఆ మూడు కుట్లు

మా అన్న చనిపోయిన ఏడాది తర్వాత కూడా అతడు తోలుతో కుట్టిన మోటబొక్కెన బావిలోకి దిగుతూ లేస్తూనే ఉంది. చిట్యాలకు పోయే దారి పక్కనే ఆ బావి. మిషను బడికి పోతూ వస్తూ, గిలక కిర్రుమన్నప్పుడల్లా నేను తల తిప్పుకొనేవాణ్ణి. వట్టిగా దిగిన తోలు నిండుగా పైకి వచ్చి, దాని తొండంలోంచి నీళ్లు కాలువలో పడుతుంటే, లోపల అన్న ఊపిరి వదులుతున్నట్టు ఉండేది.

మాది తోలు పని చేసే ఇల్లు. తాత కాలంలోనే ప్రభువును నమ్ముకున్నాం. ఆదివారం గుడిలో వాక్యం చదివేది నేను. అన్న బడి ముఖం చూడలేదు. వెనక వరుసలో కూర్చుని, చాప మీద గోటితో ఏవో గీతలు గీస్తుండేవాడు. తోలు కుట్టే ఆరె ఒకరోజు అరచేతిలో దిగింది. వారం తిరక్కముందే దవడలు బిగుసుకున్నాయి. దవాఖాన దాకా కూడా పోలేదు.

నేను మెట్రిక్ పాసైన వేసవిలో, మా పాస్టరు అయ్యగారు ఒక దరఖాస్తు కాగితం తెచ్చి ఇచ్చారు. దూరాన ఏదో నగరంలో కొత్తగా బడి పెట్టారట. కర్మాగారాల్లో తయారయ్యే కుర్చీ, దీపం, పంపు ఏ రూపంలో ఉంటే మనిషికి పనికొస్తాయో ఆలోచించి గీయడమే అక్కడి చదువు. సీటు వస్తే తోళ్లు నానే లంద వాసన నుంచి బయటపడతాను. షరతు ఒక్కటే. తాను సొంతంగా ఆలోచించి చేసిన వస్తువును అభ్యర్థి బొమ్మ గీసి పంపాలి.

నేను చేసిన వస్తువంటూ ఏదీ లేదు. గీత మాత్రం వచ్చు.

అన్న బొక్కెన గీశాను. ఎవరి బొక్కెన అయినా ఒక పంటకారుకు చిరిగిపోతుంది. అతనిది మూడో కారు కూడా నీళ్లు తోడుతోంది. గీస్తుంటే ఒక వంక కనబడింది. తొండం మొదట్లో మూడు కుట్లు ఎడం ఎడంగా, సన్నటి తోలుపోగుతో వేసి ఉన్నాయి. తొందరలో వేసి ఉంటాడనుకొని, నా బొమ్మలో వాటిని మిగతా కుట్లతో సమానంగా దిద్దాను.

బాపు లందలో వేసే తంగేడు చెక్క దంచుతూ చూశాడు.

"గిది పెద్దోని పనే గద."

"అవును బాపూ."

"కిందేం రాసినవ్?"

"నేనే చేసిన అని."

బాపు మళ్లీ దంచడం మొదలుపెట్టాడు. "వోయినోనికి సీటెందుకు తీ. ఉన్నోడన్న బాగుపడాలె," అన్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.

దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు అయ్యగారు అడిగారు, "నీ పనేనా నాయనా?"

"నాదే అయ్యగారూ."

చేతులకు మేకతోలు చుట్టుకొని, చూపు లేని తండ్రి దగ్గర అన్న దీవెన కాజేసిన తమ్ముడి కథ మాకు నేర్పింది ఆయనే. ఆ ఆదివారం నేను వాక్యం చదువుతుంటే, వెనక వరుసలో చాప మీద గోరు గీకిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూశాను. అక్కడ ఎవరూ లేరు. చదువుతున్న వరుస తప్పింది.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. తెలుగు తెలిసిన ఒక పెద్దమనిషి నా బొమ్మ మీద వేలితో చుట్టూ తడిమి, "ఇది బావి రాయికి తగిలితే ముందు ఎక్కడ చిరుగుతుంది?" అన్నాడు. నాకు తెలియదు. నోరు తెరిస్తే వచ్చిన మాట, "మా అన్నను అడగాలె సార్."

"మంచిది. అడిగి ఉత్తరం రాయి," అన్నాడాయన.

బావి దగ్గరే బస్సు దిగాను. మోట తోలే ముసలాయన ఎడ్లను నిలిపి, బొక్కెనను ఒడిలో పెట్టుకొని కుడుతున్నాడు.

"ఏమైంది తాతా?"

"రాయి తలిగింది. ఏం ఫికర్ లేదు. ఎప్పుడు తలిగినా గీ మూడు కుట్లే తెగుతయి, తోలుకేం గాదు. మీ అన్న ముందే జెప్పిండు, తాతా, గివి తెగేటందుకే ఏసిన, తెగితే మా ఇంటి దాంక రాకు, నువ్వే కుట్టుకో అని." పోగును పళ్లతో బిగించి నవ్వాడు. "గట్ల నేర్పితే మీకు పనెట్ల దొరుకుతదిరా అని అడిగిన. పొట్ట పట్టుకొని నవ్విండు."

నేను దిద్దింది ఆ మూడింటినే. నా బొమ్మలోని బొక్కెన మొదటి దెబ్బకే నిలువునా చిరుగుతుంది. దొంగిలించడం కూడా నాకు సరిగా చేతకాలేదు.

అయ్యగారి దగ్గరికి పోయి మోకరించి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాగితం, కలం ఇచ్చారు. బొమ్మ మళ్లీ గీశాను. మూడు కుట్లూ ఎడంగానే గీశాను. పని నాది కాదని, అబద్ధం ఆడానని, బడి ముఖం చూడని మా అన్న తెగడానికే ఆ కుట్లు వేశాడని రాసి, అతని పేరు పెట్టాను. ఒక్క ముక్క మాత్రం రాయలేకపోయాను. అన్న లేడు అని రాయబోతే చేయి ఆగిపోయింది. పాపం ఒప్పుకున్న కాగితంలోనే అంత దాచాను.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఇంకా మోట ఆడుతుండగానే జవాబు వచ్చింది. కవరు మీద నా పేరు లేదు, అన్న పేరుంది. చదువు లేకపోయినా సరే, ఒకసారి వచ్చి కలవమని రాశారు.

"ఏమన్నరు?" అన్నాడు బాపు.

"అన్నను రమ్మన్నరు."

బాపు చేతులు పంచెకు తుడుచుకొని కాగితం తీసుకున్నాడు. చదవడం రాదు. అన్న పేరు ఎక్కడుందని అడిగి, దాని మీద బొటనవేలు పెట్టాడు.

"వానికి తెల్వకపాయె," అన్నాడు.

చనిపోయినవారిని ప్రభువు పేరు పెట్టి పిలిచే దినం ఉందని నేను నమ్ముతాను, నేటికీ నమ్ముతాను. ఆ దినాన ఈ ఉత్తరం అన్న చేతికి ఇవ్వవలసింది నేనే. కానీ అంతకుముందు దీనికి జవాబు రాయవలసింది కూడా నేనే.

కూర్చుని రాశాను: మా అన్న చనిపోయాడు, రాలేడు. బయట గిలక కిర్రుమంది. ఈసారి తల తిప్పుకోలేదు.